పిలవని పేరు

గోడకున్న ఫోను మళ్ళీ మోగింది. వంటింట్లో ఉన్న ముగ్గురూ దానివైపు చూశారు గానీ, ఒక్కరూ కదల్లేదు.

"ఎత్తకు నెల్లీ," అన్నాడు క్లియోఫస్.

"నేనెక్కడ ఎత్తాను? చేతుల నిండా పిండే కదా," అంది వెర్నెల్. బిస్కెట్ల పిండిని ఆమె అవసరానికి మించి పిసుకుతోంది. ఈ పాటికి అది రాయిలా తయారై ఉంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఫోను మోగి మోగి ఆగింది.

బల్ల మీద ఆ గురువారం పేపరు పరిచి ఉంది. మొదటి పేజీలో రెండు ఫొటోలు పక్కపక్కనే వేశారు. ఎడమవైపు పదమూడేళ్ళ వెర్నెల్, తడిసి ముద్దయిన గౌనుతో వెదర్లీ కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన పోలీసు బూట్లు. అది 1963. కుడివైపు అవే మెట్ల మీద, ఈ సోమవారం, ఆమె చిన్న కూతురు జెరెలిన్. జెరెలిన్ చేతిలో, ఆమె పెళ్ళాడబోయే అమ్మాయి కెటూరా చేయి. పైన పెద్ద అక్షరాలు: 'అప్పుడు తల్లి, ఇప్పుడు కూతురు.'

"నేను వెయ్యమనలేదు నాన్నా," అంది జెరెలిన్. కోటు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "అమ్మ ఫొటో వాళ్ళకెక్కడ దొరికిందో నాకు తెలీదు."

"దొరక్కేం? లైబ్రరీ గోడకి వేలాడుతూనే ఉంది. నేనడిగేది ఆ ఫొటో సంగతి కాదు. దాని పక్కన ఎక్కి కూర్చున్నావు చూడు, ఆ సంగతి."

"మేం మెట్ల మీద కూర్చోవడానికి వెళ్ళలేదు. పెళ్ళి లైసెన్సుకి వెళ్ళాం. పెద్ద కోర్టు మాలాంటి జంటలకీ ఇమ్మంది. మన జడ్జిగారు మమ్మల్ని చూసి లైసెన్సులిచ్చే కిటికీ మూయించేశారు. మా ఒక్కళ్ళకే కాదు, ఊళ్ళో ఎవరికీ ఇక లైసెన్సుల్లేవు పొమ్మన్నారు."

"మూస్తే ఇంటికి రావాల్సింది."

"ఈతకొలను కథ నువ్వే కదా నాన్నా చెప్పింది? మనవాళ్ళు దిగుతారని కొలనులో మట్టి పోయించారని. తెల్లపిల్లలక్కూడా లేకుండా పూడ్చేశారని. ఆ కిటికీ మూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. పేపరతను అడిగితే అదే చెప్పా."

వెర్నెల్ చేతులు పిండిలో ఆగిపోయాయి. ఆ కొలను మీదే ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆమె కాలి కింద నేల చూసుకుంటుంది.

"కొలనూ, ఇదీ ఒకటేనా?" క్లియోఫస్ గొంతు పెరిగింది. "నా చర్మం నేను ఒలిచి పక్కన పెట్టలేను. కుక్కల్ని వదిలినవాడు నా పేరడిగి వదల్లేదు, నా రంగు చూసి వదిలాడు. నువ్వు నోరు మూసుకుంటే నీ సంగతి ఎవడికి తెలుస్తుంది?"

"అవును. నువ్వు నోరు మూసుకోకుండా నడిచావు కాబట్టి గొప్పవాడివి. నన్ను మాత్రం మూసుకోమంటున్నావు."

"ఆ మెట్ల మీద నీ చుట్టూ ఉన్న తెల్లవాళ్ళెవరే? వాళ్ళ తాతలే కదా మా మీదికి నీళ్ళ గొట్టాలు తిప్పింది! పోయినేడు మన వీధిలో కుర్రాణ్ణి పోలీసు కాల్చేస్తే వాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చాడా? ఇవాళ మాత్రం నా పెళ్ళాం ఫొటో కావాల్సొచ్చింది."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. క్లియోఫస్ కోపంలో కూడా అబద్ధం చెప్పే మనిషి కాదు.

"రాలేదు," అంది జెరెలిన్. "ఒకావిడ నాతో అంది కూడా. మీ పోరాటం అయిపోయింది, ఇప్పుడిది మా వంతు అని. నేను లేచి ఇంకో మెట్టు మీదికి పోయి కూర్చున్నా."

"మరి? నీకే అర్థమైందిగా."

"నాకర్థమైంది వేరు నాన్నా. నువ్వు 'మనం' అంటావు, 'వాళ్ళు' అంటావు. నేను నల్లదాన్ని కాకుండా పోయానా? పొద్దున లేస్తే రెండూ నాతోనే లేస్తాయి. ఒకటి బయట వదిలేసి లోపలికి రా అంటే, ఏది వదలను?"

క్లియోఫస్ తల పక్కకు తిప్పుకున్నాడు, ఎడమ చెవి కూతురి వైపు వచ్చేలా. ఆ చెవి 1963లో పోలీసు లాఠీకి పోయింది. వినడం ఇష్టంలేనప్పుడల్లా ఆయన ఆ చెవినే ముందుకు తెస్తాడని ఇంట్లో అందరికీ తెలుసు.

జెరెలిన్ తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఆదివారం మేం చర్చికి వస్తున్నాం. ఇద్దరం. కెటూరా చేయి నేను వదలను."

"ఈ ఆదివారమే కావాలా?" అంది వెర్నెల్. అది నడిచినవాళ్ళ ఆదివారం. ఏటా ఫిబ్రవరి చివర్లో, 1963లో నల్లవాళ్ళ హక్కుల కోసం ఊరేగింపులో నడిచినవాళ్ళ పేర్లు పిలిచే రోజు.

"ఈ ఆదివారమే. వాకిలి దగ్గర నువ్వే ఉంటావు కదా. నా పెళ్ళికి కిటికీ మూసినవాడు నాకు పరాయివాడు. నువ్వు తలుపు మూస్తే మాత్రం నేనిక ఈ గుమ్మం తొక్కను. బెదిరింపు కాదమ్మా. నావల్ల కాదు, అంతే."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి క్లియోఫస్ విసురుగా లేచి ఎత్తాడు, కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎవరో మాట్లాడుతున్నారు. ఆయన ముఖంలో కోపం మెల్లగా దిగిపోయింది. దాని చోట ఇంకేదో వచ్చింది. ఫోను పెట్టేశాడు.

"ఎవరు?" అంది వెర్నెల్.

"రాంగ్ నంబరు," అన్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ నమ్మలేదు.

*

మౌంట్ జైలా చర్చిలో వాకిలి సేవంటే ఆ ఊళ్ళో ఆషామాషీ వ్యవహారం కాదు. తెల్లటి దుస్తులు, తెల్లటి గ్లౌజులు, ఎడమ చేయి వీపు వెనక. నోరు విప్పకూడదు. అన్నీ కుడిచేతి సైగలే. అరచేయి పక్కకు తెరిస్తే లోపలికి రమ్మని. గుండెకు అడ్డంగా పెడితే ఆగమని. గ్లౌజు లేని చేతితో సైగ చేయకూడదు, చేసినా ఎవరూ లెక్కచేయకూడదు. వెర్నెల్ ఆ సేవకు పెద్ద. ఇంట్లో కూడా సగం మాటలు ఆమె చేతితోనే చెబుతుందని పిల్లలు వేళాకోళం చేసేవాళ్ళు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ప్రార్థన జరుగుతుండగా తలుపు దగ్గర మనుషుల్ని ఆపవచ్చు గానీ, తలుపుకు తాళం వేయకూడదు. 1963 ఊరేగింపు రోజు పోలీసు కుక్కల ముందు పరిగెత్తుకొచ్చిన పిల్లలకు ఆ తలుపు తెరిచి ఉండబట్టే ప్రాణాలు దక్కాయి. అప్పటినుంచి లోపల దేవుడి మాట వినబడుతున్నంతసేపు దానికి తాళం పడలేదు.

శనివారం మధ్యాహ్నం పాస్టరు హాస్కెల్ బూన్ వచ్చాడు. వెర్నెల్ పీచ్ పళ్ళతో చేసిన తీపి వంటకం, కాబ్లర్, ఒక గిన్నె తిని, ఇంకో గిన్నె వద్దంటూనే తిన్నాడు. ఆకలితో వచ్చిన మనిషి కాదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. ఆయన భయం వేస్తే తింటాడు.

"సిస్టర్ వెర్నెల్, మీ ఫొటో చూసి చాలామంది బాధపడ్డారు," అన్నాడు.

"నేను తడిసి ఉన్నాననా?"

ఆయన నవ్వబోయి మానేశాడు. "ఆ పక్క ఫొటో చూసి. మన బాధని ఎవరో అద్దెకు తీసుకున్నట్టుంది అంటున్నారు. అలా అనేవాళ్ళని నేను తప్పుపట్టలేను. రేపు పేర్లు పిలిచేముందు డీకన్‌గారు నాలుగు మాటలు చెబితే బావుంటుంది. మన నడక వేరు, ఇది వేరు అని. వేరే ఎవరు చెప్పినా వినరు. మీ ఇంటి నుంచి రావాలి ఆ మాట."

ఆ సంఘానికి డీకన్, అంటే పెద్ద, అయిన క్లియోఫస్ తలూపాడు. "చెబుతాను."

"ఇంకొకటి." పాస్టరు చెంచా గిన్నెలో పెట్టాడు. "అమ్మాయి వస్తానందట. ఒక్కతే వస్తే సంతోషం. ఆ రెండో అమ్మాయితో చేతులు పట్టుకుని వస్తే..." ఆయన తన కుడిచేయి గుండెకు అడ్డంగా పెట్టుకున్నాడు. ఆ సైగ ఆయన చేతికి అలవాటు లేదు, ఎబ్బెట్టుగా కనబడింది.

వెర్నెల్ ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

"ఇది నా పంతం కాదు తల్లీ. సగం బల్లలు ఖాళీ అవుతాయి. అది కూడా పరవాలేదు. కొందరి మాటలు నా చెవిన పడ్డాయి. ఏం మాటలో మీకు చెప్పను. వాళ్ళిద్దరి క్షేమం కోరే చెబుతున్నా."

"ఎవరి మాటలు?" అంది వెర్నెల్.

"ఎవరివైతే ఏం?"

"బయటివాళ్ళవా, మనవాళ్ళవా?"

పాస్టరు టోపీ తీసుకున్నాడు. గుమ్మం దాటుతూ క్లియోఫస్ భుజం మీద చేయి వేసి, "రేపు లోపలి తలుపు దగ్గర డెల్‌రాయ్‌ని నిలబెడుతున్నా. గట్టి కుర్రాడు. సిస్టర్ ఒక్కరి మీదా భారం పడకూడదు," అన్నాడు.

క్లియోఫస్ ఆ చేతి కింద నుంచి భుజం తప్పించుకున్నాడు. అది వెర్నెల్ చూసింది. ఎందుకో అర్థం కాలేదు. డెల్‌రాయ్ క్రెన్‌షా అంటే ఆయనకు ప్రాణం. బాప్తిస్మం రోజు నీళ్ళలో ఆ పిల్లాడి వీపు పట్టుకున్నది ఆయనే, కారు నడపడం నేర్పిందీ ఆయనే.

*

సాయంత్రం వెర్నెల్ ఇస్త్రీ బల్ల వేసింది. నడిచినవాళ్ళ ఆదివారం నాడు ఒక్కో పేరూ పిలుస్తారు. బతికున్నవాళ్ళు లేచి 'నేనున్నాను' అంటారు. పోయినవాళ్ళ పేరు వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడరు. వాళ్ళు కూర్చునే చోట వాకిలి సేవకురాలు ఒక తెల్ల గ్లౌజు పెడుతుంది. ఏటికేడు గ్లౌజులు పెరుగుతున్నాయి, 'నేనున్నాను'లు తగ్గుతున్నాయి.

పేర్లు పిలిచేది క్లియోఫస్. కాగితం చూడడు. అన్నీ నోటికి వచ్చు.

ఇస్త్రీ అయిన గ్లౌజులన్నీ ఒక దొంతరగా పేర్చి ఉన్నాయి. ఒక్కటి మాత్రం విడిగా, కుర్చీ చేతి మీద ఆరేసి ఉంది. మిగతావాటికంటే పెద్దది. మగవాళ్ళది.

క్లియోఫస్ దాని ముందు ఆగాడు. "ఇదెవరికి?"

వెర్నెల్ ఇస్త్రీపెట్టె నడుపుతూనే ఉంది.

"నెల్లీ, అడుగుతున్నది నిన్నే. ఈ ఏడు పోయింది హారియెట్ ఒక్కతే. అది ఆ దొంతరలో ఉంది. ఇదెవరికి?"

"నీకు తెలుసు."

"నాకు తెలీదు."

"తెలీకపోతే ఏటా అక్కడ ఎందుకు ఆగుతావు టాలివర్?" కోపం వస్తే ఆమె మొగుణ్ణి ఇంటిపేరుతో పిలుస్తుంది. "నీ పేరు చెప్పుకునే ముందు ఒక్క ఊపిరి ఆగుతావు. జనం నీకు వయసు మీద పడిందనుకుంటారు. నేను నీ పక్కన ఇన్నేళ్ళు పడుకున్నాను. ఆ ఊపిరిలో ఎవరున్నారో నాకు తెలుసు."

క్లియోఫస్ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

ఆ ఊపిరిలో ఉన్నది ఆయన అన్న ఆల్టన్. ఆ రోజు చర్చి వాకిట్లో తెల్ల గ్లౌజుతో నిలబడి, బయట పోలీసులు ఏమరినప్పుడల్లా సైగ చేస్తూ పిల్లల్ని జట్లుజట్లుగా బయటికి పంపింది ఆల్టన్. క్లియోఫస్ చెవి మీద మొదటి దెబ్బ పడ్డాక, రెండోది తల మీద పడకుండా తన కుడిచేయి అడ్డం పెట్టింది ఆల్టన్. ఆ వేళ్ళు మళ్ళీ తిన్నగా కాలేదు. పిల్లలు వెనక్కి పరిగెత్తుకొస్తే, ఆ విరిగిన చేత్తోనే తలుపు తెరిచి పట్టుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆల్టన్ ఇంకో మగవాడితో కాపురం ఉంటున్నాడని ఊరికి తెలిసింది. సంఘం కూడింది. వెలివేయాలన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. లేచిన చేతుల్లో తమ్ముడిది కూడా ఉంది. ఆల్టన్ డెట్రాయిట్ వెళ్ళిపోయి అక్కడే పోయాడు. ఇంటినుంచి ఎవరూ వెళ్ళలేదు.

"మన నడక వేరు, వాళ్ళది వేరు అని రేపు చెబుతావా?" అంది వెర్నెల్.

"వేరే. నువ్వు నన్ను నరికినా వేరే అంటాను. మనల్ని అమ్మారు, కొన్నారు. చెట్లకు వేలాడదీశారు. ఆ కొలతకి ఇంకేదీ తూగదు."

"తూగదు. నేనూ అదే అంటాను. కోర్టు మెట్ల మీద నేను కూర్చున్నది ఎవరికీ అద్దెకివ్వను. మరి ఆల్టన్ ఏ నడక నడిచాడు?"

ఆయన చూపు కుర్చీ చేతి మీది గ్లౌజు దగ్గర ఆగింది.

"ఆ లాఠీ పడేటప్పుడు అతనిలో సగమే నల్లవాడా? నీకు అడ్డం పెట్టిన చేయి ఏ సగానిది?"

"ఊరుకో నెల్లీ."

"ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

క్లియోఫస్ కుర్చీలో కూర్చుని మెల్లగా అన్నాడు. "మొన్న ఫోను చేసింది తెల్లవాడు కాదు."

ఇస్త్రీపెట్టె ఆగింది.

"అప్పుడూ ఫోన్లు వచ్చేవి, గుర్తుందా? అప్పుడు బయట ఎవరున్నారో తెలిసేది. దీపాలార్పి నేల మీద పడుకునేవాళ్ళం, మనవాళ్ళంతా లోపలున్నారన్న ధైర్యంతో." ఆయన వంటింటి వైపు చూశాడు. "మొన్నటిది మన గొంతు. మర్యాదగానే మాట్లాడాడు. 'పెద్దవాళ్ళు కాబట్టి చెబుతున్నా, మీ పిల్ల ఆదివారం ఆ గడప తొక్కితే మళ్ళీ నడవదు, అంతే కదా మరి' అన్నాడు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు."

"ఎవరో తెలిసిందా?"

"తెలియలేదు."

అబద్ధం చెప్పని మనిషి వారంలో రెండో అబద్ధం చెప్పాడు. వెర్నెల్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"జెరెలిన్‌కి చెబుదాం. రావద్దందాం," అంది.

"చెబితే ఆగుతుందా? నీ కూతురు."

"నీ కూతురు కూడా," అంది వెర్నెల్. ఆ రాత్రి ఇద్దరూ దీపం ఆర్పలేదు.

*

పొద్దున్న వెర్నెల్ తెల్లదుస్తులు వేసుకుని వచ్చేసరికి కుర్చీ చేతి మీద ఆ పెద్ద గ్లౌజు లేదు. బల్ల కింద వెతికింది, బుట్టలో వెతికింది. క్లియోఫస్ అప్పటికే కారులో కూర్చుని హారన్ కొట్టాడు. ఎప్పుడూ కొట్టని మనిషి.

దారిలో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. తీసింది ఆయనేనని ఆమెకు తెలుసు. పారేశాడేమో అనుకుంటే గుండె మండిపోయింది.

చర్చి నిండిపోయింది. వేరే సంఘాల నుంచి కూడా జనం వచ్చారు. అందరూ పేపరు చదివే వచ్చారని వాళ్ళ చూపులే చెబుతున్నాయి. గోడల వెంట వాకిలి సేవకురాళ్ళు తెల్లగా, బొమ్మల్లా నిలబడ్డారు. లోపలి తలుపు దగ్గర డెల్‌రాయ్ ఉన్నాడు, కొత్త సూటు, నడుముకు చర్చి తాళాల గుత్తి. వెర్నెల్‌ను చూసి వినయంగా తల వంచాడు.

జెరెలిన్ ఇంకా రాలేదు. రాకపోతే బాగుండునని వెర్నెల్ మొదటిసారి అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

పాటలయ్యాయి. పాస్టరు సైగ చేయగానే క్లియోఫస్ లేచి ముందుకు వెళ్ళాడు. పేర్లకు ముందు నాలుగు మాటలు చెప్పాలి. అందరూ వాటికోసమే ఎదురుచూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు, జనం వంక చూశాడు, ఏమీ చెప్పకుండానే మొదటి పేరు పిలిచేశాడు.

పాస్టరు ముఖం మాడిపోయింది.

"లుక్రీషా గ్యాంట్."

"నేనున్నాను." ముసలావిడ కర్ర పట్టుకుని లేచింది.

"హారియెట్ మోజ్‌లీ."

నిశ్శబ్దం. వెర్నెల్ నడిచి వెళ్ళి ఆవిడ చోట గ్లౌజు పెట్టింది. అలా ఒక్కో పేరూ సాగింది. ఆమె చేతిలోని దొంతర తరిగిపోయింది. చివరి గ్లౌజు పెట్టి తిరిగొచ్చేసరికి క్లియోఫస్ తన పేరు దాకా వచ్చాడు.

అక్కడ ఆగాడు. ఆ ఒక్క ఊపిరి.

వెర్నెల్ అనుకున్నది చేసేసింది. తన కుడిచేతి గ్లౌజు వేలు వేలుగా ఊడదీసింది. చర్చి అంతా చూస్తుండగా ముందు వరసలోకి నడిచి, తన మొగుడి కుర్చీ పక్క కుర్చీలో దాన్ని పెట్టింది. పేరు పిలవకుండా గ్లౌజు పెట్టడం ఆ చర్చిలో ఎన్నడూ జరగలేదు. వెనక ఎవరో "ఏమిటిది?" అన్నారు. ఇంకెవరో, పెద్ద వయసు గొంతు, "అయ్యో దేవా" అంది. అది ఎవరి చోటో ఆ గొంతుకు తెలుసు.

సరిగ్గా అప్పుడే లోపలి తలుపు అద్దంలో రెండు ముఖాలు కనబడ్డాయి. జెరెలిన్, కెటూరా. కెటూరా నర్సు దుస్తుల్లోనే ఉంది, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది. డెల్‌రాయ్ కుడిచేయి తన గుండెకు అడ్డంగా వెళ్ళింది. ఆనవాయితీ ప్రకారం అతను సేవ పెద్ద వైపు చూశాడు, సైగ కోసం.

వెర్నెల్ చేయి ఎత్తబోయి ఆగిపోయింది. బోసి చేయి. చనిపోయినవాడికి గ్లౌజు ఇచ్చి, బతికున్న కూతురికి తలుపు తీసే హక్కు పోగొట్టుకుంది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

క్లియోఫస్ ఆ గ్లౌజు వంక చూశాడు. తర్వాత భార్య బోసి చేతి వంక చూశాడు. ఆయన చేయి కోటు జేబులోకి వెళ్ళింది. మగవాళ్ళ పెద్ద గ్లౌజు బయటికి తీశాడు. పారేయలేదు. రాత్రంతా దగ్గర పెట్టుకున్నాడు.

దాన్ని ఆమెకివ్వలేదు. తన కుడిచేతికే తొడుక్కున్నాడు. ఆనాడు అన్నకు వ్యతిరేకంగా లేచింది ఆ చేయే.

"డీకన్‌గారూ, పేర్లు పూర్తి కాలేదు," అన్నాడు పాస్టరు.

"కాలేదు," అన్నాడు క్లియోఫస్. వేదిక మెట్లు దిగి, బల్లల మధ్య నుంచి తలుపు వైపు నడిచాడు. డెల్‌రాయ్‌కి రెండడుగుల దూరంలో ఆగి, అతని భుజం మీదుగా అద్దం వైపు చూస్తూ, ఎన్నేళ్ళుగానో మింగుతున్న పేరు పిలిచాడు.

"ఆల్టన్ టాలివర్."

పోయినవాళ్ళ పేరుకు ఎవరూ పలకరు. తలుపు అవతల నుంచి, అద్దం గుండా, పలచగా జెరెలిన్ గొంతు వచ్చింది.

"నేనున్నాను."

క్లియోఫస్ గ్లౌజు చేయి పైకి లేచింది. అరచేయి పక్కకు తెరుచుకుంది. లోపలికి రానివ్వమని.

డెల్‌రాయ్ కదల్లేదు. అతని ఎడమ చేయి వీపు వెనక ఏదో చేస్తోంది. నిశ్శబ్దంలో తాళం తిరిగిన చప్పుడు చర్చి చివరిదాకా వినబడింది.

"పెద్దవాళ్ళు కాబట్టి చెబుతున్నా డీకన్‌గారూ," అన్నాడు మెల్లగా, మర్యాదగా. "వెళ్ళి కూర్చోండి. వాళ్ళు రారు. అంతే కదా మరి."

ఆ మాట వెర్నెల్ విన్నది. మొగుడి ముఖం చూసింది. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. గురువారం నుంచీ ఆయనకు తెలుసు.

ఆమె బోసి చేయి ఎత్తింది. గోడల వెంట ఉన్న సేవకురాళ్ళందరికీ కనబడేలా అరచేయి పక్కకు తెరిచింది. ఆ సైగ వాళ్ళలో సగం మందికి నేర్పింది ఆమే.

బయటినుంచి జెరెలిన్ తలుపు కొట్టింది. ఒకసారి, ఇంకోసారి.

తెల్లదుస్తుల్లో ఒక్కరూ కదల్లేదు.